ముద్దబంతిలో పచ్చ పురుగు

అందరికీ నమస్కారం. బోనాల ఆదివారం పూట, ఇంట్లో ఇన్ని పనులు పెట్టుకుని కూడా ఇంతమంది వచ్చారంటే మీ మిద్దె మీది మొక్కలంటే మీకెంత ప్రేమో తెలుస్తూనే ఉంది. చేవెళ్ల దగ్గర మాకు రెండెకరాల పొలం ఉందండీ. పన్నెండేళ్లుగా టమాటా, బెండ, బీర వేస్తున్నాం, వాటి మధ్యలో బంతి వేస్తున్నాం. ఇవాళ నన్ను పిలిచింది ఆ బంతి గురించి చెప్పమనే.

ముందు మిమ్మల్ని ఒక మాట అడుగుతాను. ఇక్కడున్న అక్కలూ అమ్మలూ చాలామంది బతుకమ్మ పేర్చినవాళ్లే కదా. సిబ్బిలో గుమ్మడి ఆకులు పరిచి, తంగేడు, గునుగు పెట్టుకుంటూ పైకి వచ్చి, బంతి వరుస మొదలుపెట్టి ముద్దబంతి తొడిమ తుంచుతుంటే, పువ్వులోంచి ఒక పురుగు మెల్లగా మీ వేలి మీదికి పాకిందా లేదా? ఆ, అందరూ నవ్వుతున్నారు, అందరికీ పాకినట్టే ఉంది. ఒక్కోసారి పచ్చగా ఉంటుంది, ఒక్కోసారి పువ్వు రంగులోనే నారింజగా ఉంటుంది, గోధుమ రంగులోనూ ఉంటుంది, ఒంటి పొడుగునా చారలుంటాయి. మనం చీ అని దులిపేసి ఇంకో పువ్వు అందుకుంటాం.

ఆ పురుగే మీ టమాటా కాయకు బొక్క పెట్టేది. శనగలో కాయ తినేదీ, కందిలో కాయ తినేదీ, పత్తిలో కాయ తొలిచేదీ అదే. మా వైపు పచ్చ పురుగు అంటాం, వ్యవసాయాధికారులు శనగపచ్చ పురుగు అంటారు, కాయ తొలుచు పురుగు అని కూడా అంటారు. సరే, పేరేదైతేనేం, అది బంతి పువ్వులోనే కాపురం పెడుతుంటే, బంతి మొక్క పెడితే పురుగులు పారిపోతాయని మనం ఎట్లా నమ్ముతున్నాం? ఇందాక టీ తాగేటప్పుడు నలుగురైదుగురు అదే మాట అన్నారు నాతో, "తొట్టికో బంతి పెట్టాం, అయినా టమాటాకు పురుగు ఆగలేదు" అని. ఆగదమ్మా. ఈ పురుగు విషయంలో బంతి తరిమేది కాదు, పిలిచేది. దాన్ని పిలిచే మొక్కగా వాడుకుంటేనే మనకు లాభం. ఇవాళ నేను చెప్పేదాంట్లో ముఖ్యమైన సంగతి ఇదే, మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

నేను కూడా మొదట అట్లాగే నష్టపోయాను. మొదటి ఏడాది ఎకరం టమాటా వేశాం. ఎవరో చెప్పారు, టమాటాలో బంతి వేస్తే పురుగు రాదని. సరేనని ఒక నర్సరీలో టమాటా నారూ బంతి నారూ ఒకే రోజు కొనుక్కొచ్చాం, రెండూ దాదాపు ఒకే వయసువి, ఒకే రోజు నాటేశాం. గట్టు పొడుగునా బంతి, లోపల టమాటా. చూడ్డానికి ఎంతో బాగుంది. నెల తిరిగేసరికి టమాటా పూత పట్టింది, బంతి ఇంకా ఆకులతోనే ఉంది, ఒక్క మొగ్గ లేదు. తల్లి రెక్కల పురుగు వచ్చింది, చూసింది, దానికి కావాల్సిన పూతా మొగ్గా టమాటాలో కనిపించాయి, అక్కడే గుడ్లు పెట్టుకుపోయింది. పిందెలు పడ్డాక చూస్తే కాయ కాయకూ బొక్క. ఈ పురుగు తినే తీరు మీరు చూసే ఉంటారు, తల, సగం ఒళ్లు కాయలోకి దూర్చి, మిగతా సగం బయటే పెట్టుకుని తింటుంది. ఒక కాయ మొత్తం తినదు, కొంచెం తిని ఇంకో కాయకు పోతుంది. ఆ బొక్కలోకి నీళ్లు పోయి కాయ కుళ్లుతుంది. మొదటి కోతలో ట్రేలకు ట్రేలు పక్కన పారబోశాం. ఆ తర్వాత, టమాటా మూడో కోత అయ్యాక, మా బంతి విరగబూసింది. గట్టు మీద నిలబడి ఆ పూలను చూస్తూ నేను ఏడ్చిన మాట నిజం.

అప్పుడు మా దగ్గరి వ్యవసాయ విస్తరణాధికారి ఒకాయన వచ్చి తోట చూసి ఒకే ప్రశ్న అడిగారు. "అమ్మా, నాటిన రోజు బంతి నారు వయసెంత, టమాటా నారు వయసెంత?" అని. నాకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు అప్పుడు.

బెంగళూరు దగ్గర హెసరఘట్టలో భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఉంది, మీలో కొందరు అక్కడి విత్తనాలు తెప్పించుకునే ఉంటారు, అర్క అనే పేరుతో వచ్చేవన్నీ వాళ్లవే. టమాటాలో బంతిని ఎర పంటగా వేసే పద్ధతిని 1990ల్లోనే అక్కడి శాస్త్రవేత్తలు లెక్క కట్టి ఇచ్చారు. ఆ లెక్క చాలా తేలిక. నాటే రోజుకు బంతి నారు వయసు 45 రోజులు ఉండాలి, టమాటా నారు వయసు 25 రోజులు. టమాటా 16 వరుసలకు బంతి ఒక వరుస. బంతి పొడుగ్గా పెరిగే రకం కావాలి, మనం ముద్దబంతి అంటామే అది. అంతే. ఆ 20 రోజుల తేడాలోనే కిటుకంతా ఉంది. అట్లా నాటితే టమాటా పూతకు వచ్చే వేళకు బంతి కూడా మొగ్గ మీద ఉంటుంది, పైగా టమాటా కంటే ఎత్తుగా ఉంటుంది. ఆ తల్లి పురుగుకు టమాటా మొగ్గ కంటే బంతి మొగ్గ అంటేనే ఇష్టం. రెండూ ఎదురుగా ఉన్నప్పుడు బంతి మీద ఎక్కువగా వాలుతుంది. బంతి లేకపోతేనో, ఉన్నా మొగ్గ లేకపోతేనో, దొరికిన దాంతో సరిపెట్టుకుంటుంది. మా తోటలో జరిగింది అదే.

ఎర అంటే చేపల గాలానికి గుచ్చే ఎర లాంటిదే. గాలం వేసి ఇంటికెళ్లి పడుకుంటే చేప రాదు కదండీ. ఎర పంట కూడా అంతే, పురుగు అక్కడికి వచ్చాక దాన్ని పట్టుకునేవాళ్లు ఉండాలి. ఎవరూ పట్టుకోకపోతే ఏమవుతుంది? బంతిలో గుడ్లు పొదిగి, పిల్ల పురుగులు పువ్వు తిని పెరిగి, మట్టిలోకి దిగి కోశమై, మళ్లీ రెక్కల పురుగులై వస్తాయి. అప్పుడు మీ బంతి వరుస పురుగులకు పెంపకం కేంద్రమైనట్టే. బంతి వేసి వదిలేసేవాళ్లకు నేను చెప్పేది, వేయకపోవడమే మంచిది అని. కొంచెం గట్టిగా చెప్తున్నాననుకోకండి, నేను పోగొట్టుకుని నేర్చుకున్న సంగతి ఇది.

పట్టుకోవడం ఎట్లాగో చెప్తాను. పొద్దున్నే, ఎండ ఎక్కక ముందు, బంతి వరుస వెంట నడవాలి. మొగ్గను రెండు వేళ్ల మధ్య పట్టుకుని కొంచెం పక్కకు వంచి, మొగ్గ మీద, మొగ్గ కింది లేత ఆకుల మీద చూడాలి. గుడ్డు చాలా చిన్నది, గసగసాల గింజలో సగం ఉంటుంది, లేత పసుపుతో కూడిన తెలుపు. గుంపుగా పెట్టదు, ఒక్కో చోట ఒక్కోటి పెడుతుంది, అందుకే కనిపెట్టడం కష్టం. మొదటి వారం మీకు ఏమీ కనిపించదు. భయపడకండి, కన్ను అలవాటు పడాలి. నాకైతే కళ్లద్దాలు వచ్చాక ఫోన్ కెమెరా దగ్గరగా పెట్టి పెద్దది చేసి చూడటం అలవాటైంది. గుడ్డు నల్లబడితే ఒకటి రెండు రోజుల్లో పిల్ల బయటికి వస్తుందని గుర్తు. పెట్టిన మూడు నుంచి ఐదు రోజుల్లో పొదుగుతుంది, కాబట్టి రోజూ వెళ్లలేని వాళ్లు కనీసం రెండు రోజులకోసారైనా చూడాల్సిందే.

గుడ్డు దొరక్కపోయినా పురుగు దొరుకుతుంది. పూర్తిగా విచ్చుకున్న ముద్దబంతిని చూడండి, ఒక వైపు రెక్కలు వడలి వంగి ఉంటే, ఆ పువ్వును తుంచి మధ్యకు చీల్చండి. రెక్కల కింది తెల్లటి మొదళ్లు కొరికేసి ఉంటాయి, అక్కడ తడి తడిగా పచ్చటి రెట్ట గింజల్లాగా పేరుకుని ఉంటుంది, దాని మధ్యలో చుట్టుకుని పడుకుని ఉంటుంది అది. ఆ పువ్వును గట్టు మీద పారేయకండి, అది నడిచి వెనక్కి వస్తుంది. బకెట్లో సబ్బు నీళ్లు పట్టుకెళ్లండి, అందులో వేయండి. మా ఇంట్లో కోళ్లున్నాయి కాబట్టి నేను కోళ్లకు వేస్తాను, వాటికి పండగ.

ఇక పిచికారీ చేయాల్సి వస్తే బంతి వరుస మీద మాత్రమే చేస్తాను. వేపగింజల కషాయం, 5 శాతం. అంటే 5 కిలోల వేపగింజల పొడిని రాత్రంతా నీళ్లలో నానబెట్టి, గుడ్డలో వడగట్టి, 100 లీటర్లకు కలుపుకోవడం. మిద్దె మీద మీకు లీటరుకు 50 గ్రాముల పొడి చాలు, ఆకుకు అంటుకోవడానికి కొంచెం సబ్బు నీళ్లు కలపండి. ఆ తర్వాత ఎన్.పి.వి. అని వైరస్ ద్రావణం దొరుకుతుంది, ఈ పురుగుకే జబ్బు చేసే వైరస్ అది, మనకు గానీ తేనెటీగలకు గానీ ఏమీ కాదు. దాన్ని సాయంత్రం పూటే కొట్టాలి, ఎండ తగిలితే వైరస్ చచ్చిపోతుంది. అది పనిచేస్తే పురుగులు మొక్క చివరి కొమ్మల దాకా ఎక్కి తలకిందులుగా వేలాడుతూ చచ్చి ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు మా ఆయన నన్ను పొలం నుంచి ఫోన్ చేసి పిలిచాడు, తొందరగా రా, చూద్దువుగాని అని.

ఎకరం మొత్తం కొట్టే మందు, మోసే నీళ్లు, కూలీ, ఇదంతా ఒకటి రెండు వరుసలకు తగ్గిందంటే దాని విలువ నాకు తెలుసు. నేను పుట్టింది వరంగల్ వైపండీ. 1997-98లో పత్తికి లద్దె పురుగూ పచ్చ పురుగూ విరుచుకుపడినప్పుడు నాకు పదేళ్లు. మందు మీద మందు కొట్టారు, పురుగు చావలేదు, అప్పులు పెరిగాయి, ఆ ఏడాది మా చుట్టుపక్కల ఊళ్లలో ఎంతమంది రైతులు ప్రాణాలు తీసుకున్నారో ఈ రాష్ట్రమంతా చూసింది. మా నాయన ట్యాంకు వీపుకు కట్టుకుని ముక్కుకు తువ్వాల చుట్టుకుని మందు కొట్టి వచ్చి, రాత్రి అన్నం ముద్ద మింగలేక కూర్చునేవాడు. ఆ తర్వాత కొన్నేళ్లకు జనగామ దగ్గరి ఏనబావి ఊరు ఊరంతా రసాయనాలు మానేసింది, 2006లో. మందులు లేకుండా పురుగును ఎదుర్కోవడం అక్కడా ఇంకా చాలా ఊళ్లలోనూ నేర్పినప్పుడు, పత్తి చేలో అక్కడక్కడా ఆముదం, బంతి వేయించారు. ఆముదం లద్దె పురుగుకు ఎర, బంతి పచ్చ పురుగుకు ఎర. అది విన్న రోజు నాకు అనిపించింది, బతుకమ్మకని మా నాయనమ్మ చేను గట్టున వేసిన బంతిలో పురుగు దులిపేసుకుంటూ ఇన్నేళ్లు గడిపాం, అది దేనికి గుర్తో మాకు ఎవరూ చెప్పలేదే అని.

సరే, మీ మిద్దె దగ్గరికి వద్దాం. పొలంలో 16 వరుసలకు ఒకటి అన్నాం కదా, ఇరవై తొట్ల టమాటాకు రెండు మూడు ముద్దబంతి మొక్కలు సరిపోతాయి, కానీ వాటిని టమాటా తొట్టిలోనే కుక్కకండి. విడిగా పెట్టండి, టమాటా కంటే ఎత్తు ఉండేలా ఒక ఇటుక మీదో స్టాండు మీదో పెట్టండి, మీరు రోజూ చెయ్యి పెట్టి చూడగలిగే చోట పెట్టండి. మూల పెడితే మర్చిపోతారు. మరొకటి, బంతి పూత అయిపోయి ఎండిపోతుంటే టమాటా ఇంకా కాస్తూనే ఉంటుంది, అప్పుడు పురుగు అటు మళ్లుతుంది. అందుకే వాడిన పూలు ఎప్పటికప్పుడు తుంచేయాలి, ఇంకో రెండు మొక్కలు మూడు వారాల తేడాతో వెనక నుంచి తయారవుతూ ఉండాలి. పూజకు పూలు కోసుకోవద్దా అని అడుగుతారు కొందరు. కోసుకోండి, నిక్షేపంగా కోసుకోండి, కాకపోతే కోసిన పువ్వు దేవుడి పటానికి పెట్టే ముందు విప్పి చూడండి. మేమూ గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పూలు పంపుతాం, దసరాకూ దీపావళికీ. పూలు కోసే కొద్దీ గుడ్లూ పిల్ల పురుగులూ తోటలోంచి బయటికి పోతాయి, అది కూడా మంచిదే.

ఆ వెనక నుంచి అన్న అడుగుతున్నారు, మా టమాటాలో పిన్ను గుచ్చినట్టు చిన్న చిన్న బొక్కలున్నాయి, అదీ ఈ పురుగేనా అని. కాదన్నా. వేలు పట్టేంత గుండ్రటి బొక్క అయితే పచ్చ పురుగు. గుండుసూది బొక్కలుండి, ఆకుల మీద పొరలోపల తినేసి ఎండిన మచ్చలుంటే అది టూటా అనే ఇంకో పురుగు. అది మన దేశానికే కొత్త, 2014లో మహారాష్ట్రలో మొదట బయటపడింది, తర్వాత మన వైపు కూడా వచ్చేసింది. దానికి బంతి ఎర కాదు, అది టమాటా కుటుంబాన్నే పట్టుకుంటుంది. దానికి లింగాకర్షక బుట్ట, అంటే ఆడ పురుగు వాసనతో మగ పురుగులను పట్టే బుట్ట పెట్టుకోండి, మచ్చలున్న ఆకులు తుంచి మూట కట్టి బయట పారేయండి. బంతి మీద నమ్మకం పెట్టుకుని రోజులు పోగొట్టుకోకండి.

ఆకుల రసం పీల్చే తెల్లదోమ సంగతి కూడా అడుగుతారు. దీంట్లో మాత్రం బంతికి నిజంగానే తరిమే గుణం కొంత ఉంది. 2019లో ఇంగ్లండ్‌లో న్యూకాసిల్ విశ్వవిద్యాలయం వాళ్లు గాజు ఇళ్లలో టమాటా పక్కన చిన్న రెక్కబంతి పెట్టి చూశారు. బంతి నుంచి వచ్చే లిమోనిన్ అనే వాసన పదార్థం తెల్లదోమను తగ్గించింది. నిమ్మ, నారింజ తొక్క గిల్లితే ముక్కుకు తగిలేది కూడా అదే. కాకపోతే మొదటి నుంచీ పక్కన ఉంటేనే బాగా పనిచేసింది, దోమ ముదిరిపోయాక తెచ్చి పెడితే అంతగా లాభం లేదు. అదీగాక అది నాలుగు వైపులా మూసిన గాజు ఇల్లు, అక్కడి తెల్లదోమ జాతి వేరు, మన టమాటాకు ఆకుముడత వైరస్ అంటించే తెల్లదోమ వేరు. మన మిద్దె మీద గాలికి వాసన ఎంతసేపు నిలుస్తుంది? నేను పెడతాను, పెట్టమని కూడా చెప్తాను, కానీ పసుపు రంగు జిగురు అట్టలు కట్టడం మానకండి. ఇంట్లో దోమలు పోతాయని బంతి కుండీ కిటికీలో పెట్టేవాళ్లూ ఉన్నారు. కుండీ కింది ప్లేటులో నీళ్లు పారబోయండి, దానివల్ల పోతాయి.

ఇప్పుడు మట్టి కింది సంగతి. ఇది మిద్దెతోట వాళ్లకు పొలం వాళ్లకంటే ఎక్కువ అవసరం అని నా నమ్మకం, ఎందుకంటే మీరు అదే తొట్టి, అదే మట్టి ఏళ్ల తరబడి వాడతారు. మొక్కకు నీళ్లు పోశారు, మట్టి తడిగానే ఉంది, అయినా మిట్టమధ్యాహ్నం వాలిపోతుంది, సాయంత్రం మళ్లీ లేస్తుంది, ఆకులు పాలిపోతాయి, ఎరువు ఎంత వేసినా ఎదగదు. ఇట్లాంటి మొక్క ఎవరింట్లోనైనా ఉంటే పీకి బకెట్ నీళ్లలో వేరు కడగండి. మా బెండ చెట్టును మొదటిసారి అట్లా కడిగినప్పుడు వేరు వేరులాగా లేదు. అల్లం కొమ్ముల్లాగా ముడులు ముడులుగా ఉబ్బిపోయి ఉంది. అవి నులిపురుగులు, అంటే మట్టిలో ఉండి వేర్లను పట్టే, కంటికి కనిపించనంత సన్నటి పురుగులు పెట్టే బుడిపెలు. బొబ్బర్లకూ చిక్కుడుకూ వేరుకు బుడిపెలుంటాయి కదా, అవి మంచివి కదా అంటారు. అవి వేరు. వాటిని గోటితో తడితే రాలిపోతాయి, చిదిమితే లోపల గులాబీ రంగు ఉంటుంది, అవి నత్రజనిని పట్టిపెట్టేవి. నులిపురుగు బుడిపె రాలదు, వేరే ఉబ్బిపోయి ఉంటుంది కాబట్టి గోటితో గిల్లితే వేరు తెగుతుంది తప్ప బుడిపె ఊడదు. ఈ తేడా ఇంటికెళ్లి ఒక్కసారి చేసి చూడండి, ఇక జన్మలో మర్చిపోరు.

దీనికి బంతి నిజంగా మందు. బంతి వేరులో ఆల్ఫా టెర్థయినిల్ అనే పదార్థం ఉంటుంది. 1958లో నెదర్లాండ్స్‌లో ఉలెన్‌బ్రూక్, బైలో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు బంతి వేరులో నులిపురుగులను చంపేది ఇదేనని పట్టుకున్నారు. ఆ దేశంలో పొలాలకు పొలాలు మూడు నెలలు బంతి వేసి, మట్టిలోని నులిపురుగులు తగ్గాక అసలు పంట వేసే రైతులున్నారు. కానీ ఇక్కడే అందరూ పొరబడేది. టమాటా పక్కన ఒక బంతి మొక్క పెడితే టమాటా వేరును అది కాపాడదు. బంతి వేరు పాకినంత మేరకే దాని ప్రభావం, అదీ వేరు బతికి ఉండి, నులిపురుగు దానిలోకి దూరినప్పుడు. ఆ పక్కనే టమాటా వేరు ఉంటే నులిపురుగు దాన్ని పట్టుకుని హాయిగా గుడ్లు పెడుతుంది, ఒక్కో ఆడ పురుగు వందల్లో.

కాబట్టి చేయాల్సింది ఇది. జబ్బు పడ్డ తొట్టిలో, మడిలో, ఇంకే మొక్కా లేకుండా బంతే వేయాలి. ఒత్తుగా, మొక్కకూ మొక్కకూ అర అడుగు మించకుండా. కలుపు ఒక్కటి కూడా ఉండనివ్వద్దు, ఎందుకంటే చాలా కలుపు మొక్కల వేర్ల మీద నులిపురుగు బతికేస్తుంది, అప్పుడు మీ రెండు నెలల కష్టం వృథా. రెండు నెలలకు తగ్గకుండా ఉంచాలి, మూడు నెలలైతే ఇంకా మంచిది. ఆ తర్వాత మొక్కను పీకకుండా నేల మట్టానికి కోసి, వేరు మట్టిలోనే వదిలి, ఆపైన కూరగాయ నాటండి. పంట మధ్యలో ఇది చేయలేం కాబట్టి మా పొలంలో ఏటా కొంత భాగానికి ఇదే పని పెడతాను, ఆ మూడు నెలలు అక్కడి నుంచి పూల డబ్బే వస్తుంది. మిద్దె మీద మీకు పది తొట్లుంటే ఏటా మూడు తొట్లు ఇట్లా తిప్పుకుంటూ రావచ్చు. ఒక్కసారి చేస్తే శాశ్వతంగా పోదు, మళ్లీ పెరుగుతాయి, మళ్లీ చేయాలి.

విత్తనం దగ్గర ఒక జాగ్రత్త. ఆన్‌లైన్లో పాట్ మేరిగోల్డ్ అని ప్యాకెట్లు అమ్ముతారు, అది కాలెండ్యులా, మన బంతి కాదు, పేరు మాత్రమే కలిసింది. దానితో నులిపురుగు పని జరగదు. మనది మెక్సికో నుంచి వచ్చిన మొక్క. ఆఫ్రికన్ మేరిగోల్డ్ అని ప్యాకెట్ మీద రాసినా అదీ మెక్సికోదే, అదే మన ముద్దబంతి. ఫ్రెంచ్ మేరిగోల్డ్ అంటే పొట్టిగా ఎరుపు పసుపు కలిసి ఉండే బంతి. మెక్సికోలో ఏటా నవంబర్ 1, 2 తేదీల్లో చనిపోయిన పెద్దల కోసం ఇదే పువ్వుతో గుమ్మాలు అలంకరిస్తారట, ఆ ఫొటోలు చూస్తే మన దసరా గుమ్మాల్లాగే ఉన్నాయి. ఏదో చుట్టరికం ఉన్నట్టనిపించింది నాకు.

ఎండాకాలం గురించి చెప్పకుండా వదిలిపెట్టలేను. ఒక ఏడాది మార్చిలో వంగ పక్కన బంతి ఉంచాను. రోజూ మొగ్గలే చూస్తున్నాను, ఆకు కింద చూడలేదు. ఆకులు దుమ్ము పట్టినట్టు వెలిసిపోతుంటే ఎండకు అనుకున్నాను. వారం తర్వాత చివర్లలో సన్నటి బూజు లాంటి గూడు కనిపించింది, ఎర్రనల్లి, ఆకు రసం పీల్చే చుక్కంత పురుగు. బంతి అంటే ఎర్రనల్లికి ప్రాణం. అప్పటికే వంగకు పాకేసింది, ఆ వంగ మొత్తం పోయింది. అప్పటి నుంచి ఎండ ముదిరాక కూరగాయల దగ్గర బంతి ఉంచను. ఉంచినా రెండు రోజులకోసారి ఆకు కింద తెల్ల కాగితం పట్టి తడతాను, కాగితం మీద ఎర్రటి చుక్కలు కదిలితే ఆ మొక్కను అప్పుడే సంచిలో వేసి తీసేస్తాను. నత్తలున్న చోట వర్షాకాలంలో లేత బంతిని ఒక్క రాత్రిలో తినేస్తాయి, అది కూడా గుర్తుంచుకోండి.

పొట్టి రెక్కబంతి, అంటే మధ్యలో పుప్పొడి కనిపించే ఒంటి వరుస రెక్కల బంతి, దాన్ని నేను వేరే పనికి వాడతాను. ముద్దబంతిలో రెక్కలు ఎంత కిక్కిరిసి ఉంటాయంటే చిన్న ఈగలకు తేనె అందదు. రెక్కబంతిలో అందుతుంది. దాని మీద గాలిలో ఒకే చోట నిలబడి ఎగిరే, పసుపు నలుపు పట్టీల ఈగ ఒకటి వాలుతుంది, తేనెటీగ అనుకుంటారు చాలామంది. సిర్ఫిడ్ ఈగ అది. దాని పిల్ల, మొక్కల రసం పీల్చే పేనుబంకను తింటుంది. ఆ పిల్లకు కాళ్లుండవు, తల ఎక్కడుందో తెలియదు, జిగటగా పచ్చగా చిన్న జలగలాగా ఉంటుంది, బీర తీగ మీద పేనుబంక గుంపులో దాన్ని చూసి పురుగని నలిపేస్తారు. నలపకండమ్మా దయచేసి. అక్షింతల పురుగు అందరికీ తెలుసు, ఎవరూ చంపరు, దీన్ని మాత్రం తెలియక చంపుతారు.

టైం అయిందని సైగ చేస్తున్నారు, ఒక్క నిమిషం. అక్కడ బల్ల మీద ట్రేలలో ముద్దబంతి నారు తెచ్చి పెట్టాను, మనిషికి మూడు మొక్కలు. ఈ నారుకు ఇవాళ్టికి సరిగ్గా 20 రోజులు. ఇంటికెళ్లి ఇవాళ సాయంత్రమే టమాటా గింజ పోయండి. ఇంకో 25 రోజులకు మీ టమాటా నారుకు 25, ఈ బంతికి 45. ఆ రోజు రెండూ కలిపి తొట్లలోకి మార్చండి. అప్పటిదాకా బంతిని చిన్న కవర్లలో పెంచండి, తల తుంచకండి, తుంచితే మొగ్గ ఆలస్యమవుతుంది. ఇప్పటికే టమాటా పూత మీద ఉన్నవాళ్లు మాత్రం ఈ నారు తీసుకోవద్దు, మీకిది అందదు, వచ్చే పంటకు మళ్లీ నారు పోసి తెస్తాను, మీ పేర్లు రాసి ఇవ్వండి. ఆ, ఇందాక పిన్ను బొక్కలన్న అన్నా, మీరు పోయే ముందు ఆ కాయ ఒకసారి నాకు చూపించండి.